మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: నమస్తే సార్. ఇంట్లో ఓ మూల చిన్న వర్క్‌షాపు పెట్టుకుని తీరిక దొరికినప్పుడల్లా చెక్కపని చేసుకుంటుంటాను. బెల్టుతో తిరిగే డ్రిల్ ప్రెస్ ఉంది, సింగిల్ ఫేజ్ మోటారు. ఈమధ్య స్విచ్ వేయగానే గుయ్‌మని మూలుగుతోంది గానీ తిరగడం లేదు. నాలాగే ఇంట్లో రిపేర్లు చేసుకునే మిత్రుల్ని అడిగితే ఒకరు కెపాసిటర్ పోయిందన్నారు, ఇంకొకరు వైండింగ్, అంటే లోపలి తీగ చుట్ట, కాలిందన్నారు, మరొకరు బేరింగ్ పట్టేసిందన్నారు. ముందు కెపాసిటర్ మార్చాను. రెండు రోజులు బాగానే నడిచింది, మళ్లీ అదే మూలుగు. ఇప్పుడు మోటారే మార్చేయమంటున్నారు. ఈలోగా వ్యాక్యూమ్ క్లీనర్ కాలిన వాసన వస్తోంది, లోపల నిప్పురవ్వలు కనిపిస్తున్నాయి. మైక్రోవేవ్ ఓవెన్‌లో లైటు వెలుగుతుంది, పళ్లెం తిరుగుతుంది, వేడి మాత్రం లేదు. విప్పి కెపాసిటర్‌ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చూడమని ఒక మిత్రుడు చెప్పాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీరు చివర్లో రాసిన మైక్రోవేవ్ సంగతి ముందు చెబుతాను. మిగతా రెండూ ఇంకో వారం ఆగినా కొంప మునగదు, ఇది మాత్రం ప్రాణాలతో పని.

దాన్ని విప్పకండి. ప్లగ్ పీకేసినా సరే, విప్పకండి. మామూలు మైక్రోవేవ్‌లో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని 2000 వోల్టుల దాకా పెంచుతుంది. దాని పక్కనున్న కెపాసిటర్ (చార్జ్ నిలవ ఉంచే భాగం), డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) కలిసి దాన్ని ఇంచుమించు 4000 వోల్టులకు తీసుకెళతాయి. ప్లగ్ తీశాక కూడా ఆ చార్జ్ కెపాసిటర్‌లో నిలిచి ఉండొచ్చు. అది మెల్లగా దిగిపోవడానికి ఒక రెసిస్టర్ పెడతారు గానీ, ఆ రెసిస్టరే పోయి ఉంటే పైకి చూసి ఎవరూ కనిపెట్టలేరు. మీ మిత్రుడు మీ మంచి కోరే చెప్పి ఉంటాడు. అతను చేసినప్పుడు ఏమీ కాలేదు, అందుకే ధైర్యంగా చెప్పాడు. ఆ పని చేసి చనిపోయినవాళ్లు మనకు సలహా చెప్పడానికి రారు కదా. మీరు బయటినుంచి చూడగలిగినవి చూడండి: తలుపు పూర్తిగా పడుతోందా, కొక్కెం విరిగిందా, పవర్ లెవెల్ పొరపాటున తగ్గించి ఉందా. ఒక కప్పు నీళ్లు పెట్టి నిమిషం నడిపి చేత్తో తాకి చూడండి. చల్లగానే ఉంటే ఆ పనిలో శిక్షణ ఉన్న మెకానిక్‌కి ఇచ్చేయండి. లైటు, పళ్లెం పనిచేస్తూ వేడి లేకపోతే లోపం ఎక్కువగా ఆ హై వోల్టేజీ భాగంలోనే ఉంటుంది. అక్కడ మన హాబీ ఆగిపోవాలి.

ఇక డ్రిల్ ప్రెస్. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "రెండు రోజులు బాగానే నడిచింది" అన్నది. ఈ మాట మీ మిత్రులకు చెప్పారా? చెప్పి ఉంటే మోటారు మార్చమని అనేవారు కాదేమో. వైండింగ్ కాలిపోయిన మోటారు కొత్త కెపాసిటర్ వేయగానే రెండు రోజులు నడవదు. బేరింగ్ పట్టేస్తే కెపాసిటర్ మార్చినంత మాత్రాన వదలదు. అంటే కెపాసిటర్ అన్న మిత్రుడు సరిగ్గానే చెప్పాడు. కాకపోతే, అది ఎందుకు పోయిందో మీరిద్దరూ ఆలోచించలేదు. కొత్తది కూడా రెండు రోజుల్లో పోయిందంటే దాన్ని చంపుతున్నది మోటారులోనే ఇంకెక్కడో ఉంది.

అది అర్థం కావాలంటే మోటారు ఎందుకు మూలుగుతుందో ముందు తెలియాలి. సైకిల్ పెడల్ సరిగ్గా నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు కిందికి ఎంత తొక్కినా చక్రం కదలదు. కాస్త ముందుకు తోస్తే ఇక దానంతటదే తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ మోటారులో మెయిన్ వైండింగ్ పరిస్థితి కూడా ఇంచుమించు అదే. దాని అయస్కాంత బలం ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది తప్ప చుట్టూ తిరగదు. ఆ ఊగుడే మీకు వినిపించే మూలుగు. మొదటి తోపు ఇవ్వడానికి స్టార్టింగ్ వైండింగ్ అని ఇంకొకటి ఉంటుంది. దానికి కరెంటు కాస్త ముందుగా అందేలా చేసేది కెపాసిటర్. మోటారు దాదాపు 75 శాతం వేగం అందుకోగానే లోపల షాఫ్ట్ మీద ఉండే సెంట్రిఫ్యూగల్ స్విచ్ విడిపోయి ఆ వైండింగ్‌నీ కెపాసిటర్‌నీ సర్క్యూట్ నుంచి తప్పిస్తుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోవాలి.

స్టార్టింగ్ కెపాసిటర్‌ని ఆ కొద్ది సెకన్ల కోసమే తయారుచేస్తారు. గంటకు 20 స్టార్టులు, ఒక్కోటి 3 సెకన్లకు మించకూడదు అన్నది వాటికి మామూలుగా వేసే లెక్క. ఆ స్విచ్ విడిపోకుండా అతుక్కుపోయిందనుకోండి, మోటారు తిరుగుతున్నంతసేపూ కెపాసిటర్ లైన్‌లోనే ఉండి ఉడికిపోతుంది. మీ మోటారు విషయంలో నా అనుమానం దీనిమీదే. ఒక్కోసారి విడిపోయి, ఒక్కోసారి ఇరుక్కుంటూ ఉంటే రెండు రోజులు నడవడం కూడా సరిపోతుంది.

నాకు ఈ అనుమానం ఊరికే రాలేదు. చాలా ఏళ్ల క్రితం నా బెంచ్ సా ఇలాగే మూలిగితే, పెద్ద అనుభవమున్న ఒకాయన వైండింగ్ అని తేల్చేశాడు. నేను ఏమీ కొలవకుండా మోటారు మొత్తం రీవైండింగ్ చేయించాను. పది రోజుల తర్వాత మళ్లీ మూలిగింది. అప్పుడు ఇంకో మిత్రుడు, నాకంటే చిన్నవాడు, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "అన్నా, స్విచ్ ఆపాక మోటారు నెమ్మదిస్తున్నప్పుడు లోపల టక్‌మని వినిపిస్తోందా?" నేను ఎప్పుడూ చెవి పెట్టి వినలేదు. విప్పి చూస్తే స్విచ్ చుట్టూ రంపపు పొట్టు, గ్రీజు కలిసి గట్టి పేస్టులా పట్టేసి ఉంది. స్ప్రింగు వెనక్కి రాలేకపోతోంది. బ్రష్‌తో శుభ్రం చేశాక ఆ మోటారు ఈరోజుకీ నడుస్తోంది. అక్కరలేని రీవైండింగ్ కోసం మంచి వైండింగ్‌ని నా చేతులతో పీకించానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మీరు చేయాల్సింది ఇది. ప్లగ్ పీకి, ఆ ప్లగ్‌ని మీ కళ్లకు కనిపించేలా బెంచ్ మీద పెట్టుకోండి. స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. తర్వాత బెల్టు తీసేయండి. ఒక్క బెల్టు తీయడంతో సమస్య రెండు ముక్కలైపోతుంది, అటు డ్రిల్ బిట్‌ని తిప్పే స్పిండిల్, ఇటు మోటారు. రెండింటినీ విడివిడిగా చేత్తో తిప్పండి. మంచి బేరింగ్ నూనెలో తిరిగినట్టు మెత్తగా తిరుగుతుంది. పాడైనదైతే సన్న ఇసుక మీద తిప్పుతున్నట్టు వేళ్లకే తెలుస్తుంది. షాఫ్ట్‌ని పైకీ కిందికీ కదిపి చూడండి, లొడలొడ ఉండకూడదు. బేరింగ్ మార్చాల్సి వస్తే దాని పక్క మీద చెక్కిన నంబరు చూసుకుంటే చాలు. 6203 అని ఉంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి కొలత 40, మందం 12, ఎవరు తయారుచేసినా అంతే. పొట్టు ఎగిరే చోట రబ్బరు సీలు ఉన్నది, అంటే నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉన్నది మంచిది.

రెండూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయంటే బేరింగ్ మాట పక్కన పెట్టేయొచ్చు. ఇప్పుడు బెల్టు లేకుండానే మోటారు పుల్లీని చేత్తో గట్టిగా ఒక తిప్పు తిప్పి, చేయి పూర్తిగా వెనక్కి తీసుకున్నాక, అది ఇంకా తిరుగుతుండగానే స్విచ్ వేయండి. ప్లగ్ ముందే పెట్టి ఉంచాలి, స్విచ్ ఆపి ఉండాలి, చొక్కా చేతులు వదులుగా ఉండకూడదు. పుల్లీకి తాడు చుట్టి లాగడం లాంటివి చేయొద్దు, తాడుతో పాటు వేలు పోతుంది. మోటారు అందుకుని పూర్తి వేగంతో తిరిగితే మెయిన్ వైండింగ్ బాగుందన్నమాట, లోపం స్టార్టింగ్ వైపే. ఎటువైపు తిప్పితే అటే పరుగెత్తితే ఇక సందేహమే అక్కర్లేదు. అందుకోకుండా మూలిగితే రెండు మూడు సెకన్లలో ఆపేయండి. కదలకుండా నిలిచిపోయిన మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. "కాసేపు చూద్దాం" అని వదిలేస్తే నిజంగానే వైండింగ్ కాలుతుంది.

నడిచింది కదా, ఇప్పుడు స్విచ్ ఆపి చెవి పెట్టండి. వేగం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట టక్‌మని శబ్దం రావాలి. అది సెంట్రిఫ్యూగల్ స్విచ్ తిరిగి తన చోటికి వచ్చిన చప్పుడు. రాకపోతే ఒకటి, అది అసలు విడిపోవడం లేదు. లేదా విడిపోయి వెనక్కి రావడం లేదు. మొదటిదైతే కెపాసిటర్లు వరుసగా పోతాయి. రెండోదైతే కెపాసిటర్ బాగున్నా మోటారు మూలుగుతుంది. అందుకే మీరు కొన్న కొత్త కెపాసిటర్ నిజంగా పోయిందో లేదో కూడా కొలిచే తెలుసుకోవాలి.

కొలిచే ముందు మళ్లీ ప్లగ్ పీకి, దానిలో చార్జ్ దింపండి. స్క్రూడ్రైవర్ వద్దు, నిప్పురవ్వ ఎగురుతుంది, కెపాసిటర్ లోపల దెబ్బతింటుంది. 20 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో రెండు కొనలకు 10 సెకన్లు తగిలించి ఉంచండి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అయితే ఆపాటికి దాదాపు మొత్తం దిగిపోతుంది. మీటరుతో వోల్టేజీ చూసి, సున్నా దగ్గరికి వచ్చాకే చేయి పెట్టండి. తర్వాత ఒక వైరు తీసి మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ కొలవండి. పైన 100-120 అని రాసి ఉంటే అంకె ఆ మధ్యలో ఉండాలి. కొనలున్న వైపు చిన్న రబ్బరు బిరడా లాంటిది ఉంటుంది, అది ఉబ్బినా, దాని చుట్టూ జిగురు కారినా కొలవనక్కర్లేదు, అది పోయింది. ఇంకో మాట, మీరు కొన్నది స్టార్టింగ్ కెపాసిటరేనా? ఫ్యాన్లలో, వాషింగ్ మెషీన్లలో వేసే రన్నింగ్ కెపాసిటర్ వేరు. అది ఎప్పుడూ లైన్‌లో ఉండటానికి చేసింది, విలువ తక్కువ, ఫ్యాన్‌లోదైతే సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ల చుట్టుపక్కల. ఒకదాని చోట ఇంకొకటి వేయకూడదు. మైక్రోఫారడ్ల విలువ పాతదానితో సమానంగా, వోల్టేజీ సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి.

స్విచ్ మీద అనుమానం నిలబడితే మోటారు వెనక మూత విప్పండి. విప్పే ముందు మూత, బాడీ కలిసే చోట అడ్డంగా ఒక గీత గీయండి, తిరిగి బిగించేటప్పుడు గీతకు గీత కలవాలి. ప్రతి వైరునీ ఫోటో తీసుకోండి. లోపల పొట్టు, గ్రీజు ఉంటే పొడి బ్రష్‌తో తీసేయండి. కాంటాక్ట్ పాయింట్లు నల్లబడి ఉంటే సన్నని శాండ్‌పేపర్ ముక్కని వాటి మధ్య పెట్టి రెండు మూడుసార్లు మెల్లగా లాగండి. తర్వాత తెల్ల కాగితం ముక్క పెట్టి లాగండి. కాగితం నల్లగా వస్తే ఇంకోసారి, తెల్లగా వచ్చేదాకా. పాయింట్లు కరిగి ఒకదానికొకటి అతుక్కున్నా, గుంటలు పడినా స్విచ్ మార్చడమే మేలు. అక్కడ నూనె మాత్రం వేయకండి. ఇప్పుడు హాయిగా జారుతుంది, నెల తిరిగేసరికి పొట్టంతా దానికే అంటుకుంటుంది.

మూత తీసినప్పుడే వైండింగ్‌ని కూడా చూసేయండి. కాలిన వార్నిష్ వాసనను ఎవరైనా పోల్చుకోగలరు. ఓమ్‌లలో కొలిస్తే మెయిన్ వైండింగ్ తక్కువ, స్టార్టింగ్ వైండింగ్ దానికంటే ఎక్కువ చూపడం మామూలు. వైండింగ్‌కీ మోటారు బాడీకీ మధ్య లీకేజీ ఉందేమో చూడటానికి మాత్రం మల్టీమీటర్ చాలదు. అది కొద్ది వోల్టులతోనే పరీక్షిస్తుంది. 500 వోల్టులతో పరీక్షించే మెగ్గర్ అనే మీటరు ఉన్న మిత్రుడినో ఎలక్ట్రీషియన్‌నో అడగండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆ మోటారును అలాగే వాడొద్దు.

మీకు రెండు ప్రశ్నలు. మీరు ఒక్కో రంధ్రం వేసినప్పుడల్లా స్విచ్ ఆపి మళ్లీ వేస్తారా? చాలామందికి ఆ అలవాటు ఉంటుంది. 40 రంధ్రాలున్న పనిలో అరగంటలో 40 స్టార్టులు అయిపోతాయి. పైన చెప్పిన లెక్కతో చూస్తే అది నాలుగు రెట్లు. స్విచ్ బాగున్నా కెపాసిటర్ ఉడికిపోవడానికి అది చాలు. చెక్క మార్చేటప్పుడు జాగ్రత్త కోసం ఆపడం మంచిదే, ఆపాల్సిందే. చెక్కలన్నీ ముందే గుర్తులు పెట్టి సిద్ధం చేసుకుని, ఒక చెక్కలో వేయాల్సినవన్నీ ఒకేసారి వేయండి.

రెండో ప్రశ్న, ప్లగ్ ఎక్కడ పెడుతున్నారు? పొడుగాటి సన్న ఎక్స్‌టెన్షన్ వైరు నుంచి అయితే దాన్ని తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 30 మీటర్లు ఉంటే, పోను రాను 60 మీటర్లు, దాని రెసిస్టెన్స్ దాదాపు 1.4 ఓమ్‌లు. మోటారు స్టార్టయ్యేటప్పుడు 20 ఆంపియర్లు లాగితే వైరులోనే దాదాపు 28 వోల్టులు పోతాయి. వోల్టేజీ 10 శాతం తగ్గితే మోటారు బలం 19 శాతం తగ్గుతుంది. అలా నీరసంగా లేచిన మోటారు స్విచ్ విడిపోయే వేగానికి రావడానికి చాలాసేపు తీసుకుంటుంది. అంతసేపూ కెపాసిటర్ వేడెక్కుతూనే ఉంటుంది.

వ్యాక్యూమ్ క్లీనర్ గురించి. దీనిలో మోటారు వేరే రకం, కెపాసిటర్‌తో లేచేది కాదు, కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ నడిచేది. బ్రష్ కింద చిన్న నీలి రవ్వలు సహజం. బ్రష్‌లు రాసుకునే రాగి భాగం, అంటే కమ్యూటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా తిరుగుతుంటే వెంటనే ఆపేయండి, ఆర్మేచర్ (తిరిగే భాగంలోని తీగ చుట్ట) షార్ట్ అయి ఉండొచ్చు. బ్రష్‌లు అరిగిపోయి స్ప్రింగు సరిగ్గా నొక్కకపోయినా రవ్వలు ఎక్కువవుతాయి. మార్చితే జతగా మార్చండి. కానీ దానికంటే ముందు ఫిల్టర్ చూడండి. చాలా క్లీనర్లలో లోపలికి పీల్చిన గాలే మోటారును కూడా చల్లబరుస్తుంది. ఫిల్టర్ సన్న పొట్టుతో మూసుకుపోతే గాలి ఆడదు, మోటారు ఉడుకుతుంది. దీనికి ఒక గుర్తుంది. పైపు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టినప్పుడు మోటారు గొంతు సన్నగా, పైకి వెళ్లడం వినే ఉంటారు. గాలిని తోసే పని తగ్గి అది ఇంకా వేగంగా తిరుగుతుంది. ఏ అడ్డూ లేకుండానే మీ క్లీనర్ అలాంటి గొంతుతో నడుస్తుంటే ఫిల్టర్ మూసుకుపోయినట్టే. ఇంటి క్లీనర్‌తో వర్క్‌షాపు పొట్టు పీల్చకండి. తప్పదంటే మధ్యలో పొట్టు విడిగా పడే బకెట్ ఒకటి పెట్టండి. ఇనుము గ్రైండింగ్ చేసినప్పటి రవ్వల్ని చెక్కపొట్టు ఉన్న క్లీనర్‌లోకి ఎప్పుడూ పీల్చొద్దు, లోపలే మెల్లగా అంటుకుని మీరు పడుకున్నాక మండుతుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఎవరి మాట వినాలి అన్నది. మీ మిత్రుల్ని వదులుకోకండి. నాకు వచ్చిన పనిలో సగం ఇలాంటి మిత్రులు నేర్పిందే. ఆ "టక్" ప్రశ్న అడిగిన కుర్రాడు లేకపోతే నేను ఇంకో మోటారు రీవైండింగ్ చేయించి ఉండేవాణ్ని. ఎవరైనా ఒక భాగం పేరు చెబితే, "అది పోయిందని తేల్చుకోవాలంటే ఏం కొలవాలి?" అని అడగండి. కొలత చెప్పగలిగినవాళ్ల మాట ముందు వినండి. వాళ్లకు మీరు కూడా సరైన సమాచారం ఇవ్వాలి. మోటారు మీదున్న నేమ్‌ప్లేట్ ఫోటో, మొదటిసారి ఆగినప్పుడు ఏం పని చేస్తున్నారు, అప్పటినుంచి ఏమేం మార్చారు, మీటరు ఎంత చూపించింది. "తిరగడం లేదు, ఏం చేయాలి?" అని మాత్రమే అడిగితే ఎవరికివారు తమ మోటారుకు ఏమైందో అదే చెబుతారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకు తెలిసిన మోటారు అదొక్కటే. ఇద్దరు ముగ్గురు చెప్పినవి ఒకేసారి చేయకండి. ఒకటి మార్చి, నడిపి చూసి, కాగితం మీద రాసుకుని, తర్వాతే రెండోది. లేకపోతే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ఈ ఆదివారం బెల్టు తీసి చూశాక నాకు మళ్లీ రాయండి. చేత్తో తిప్పితే అందుకుందా, ఆపాక టక్‌మందా, కెపాసిటర్ ఎంత చూపించింది, ఈ మూడూ చాలు. ముందు తీసేసిన పాత కెపాసిటర్‌ని పారేయకండి. దాన్నీ కొలిచి ఆ అంకె కూడా పంపండి.